50 మీటర్ల జీఐ తీగ 100 కిలోలకు 11 సెంటీమీటర్లు వచ్చింది. తీగ నాసిరకమా, నా లెక్క తప్పా?

పందిరి_సాగు
అందరికీ నమస్కారం. మాది చేవెళ్ల దగ్గర ఒక ఊరు. ఎకరంన్నరలో బీరకు శాశ్వత పందిరి వేస్తున్నాను. రాతి కడీలు (స్తంభాలు) పాతడం అయిపోయింది. కడీకి కడీకి మధ్య 5 మీటర్లు, వరుస పొడవు 50 మీటర్లు. పైన 10 గేజ్ జీఐ (జింకు పూత వేసిన ఇనుప) తీగ లాగుతున్నాం.

మొదటి వరుసకు లాగేటప్పుడు చైన్ పుల్లర్‌కూ తీగకూ మధ్య వేలాడే డిజిటల్ కాటా తగిలించాను. 100 కిలోలు చూపించేదాకా లాగాను. మొదలుపెట్టిన చోట గుర్తు పెట్టుకున్నాను కాబట్టి తీగ ఎంత వచ్చిందో తెలిసింది: 11 సెంటీమీటర్లు.

ఇంటర్‌లో చదివిన యంగ్ గుణకం (సాగడానికి పదార్థం ఎంత ఎదురు నిలుస్తుందో చెప్పే అంకె) సూత్రం ఇంకా గుర్తుంది. సాగుడు = బలం × పొడవు ÷ (వైశాల్యం × యంగ్ గుణకం). 10 గేజ్ అంటే 3.25 మి.మీ. ఇనుముకు గుణకం 2,00,000 న్యూటన్లు, చదరపు మిల్లీమీటరుకు. 100 కిలోలంటే 981 న్యూటన్లు.

981 × 50,000 ÷ (33.2 × 2,00,000) = 7.4 మి.మీ.

లెక్కలో 7 మిల్లీమీటర్లు, పొలంలో 110. ఇంకా 28 వరుసలకు తీగ కొనాలి. నాసిరకం అంటగట్టారేమోనని టెన్షన్‌గా ఉంది. దుకాణంలో అడిగే ముందు నా లెక్క ఒకసారి చూసి చెప్పండి.

దొండతోట
అన్నా, మాది మదనపల్లె వైపు. పదేళ్లుగా పందిరి మీద దొండ, కాకర పండిస్తున్నా. 50 మీటర్లకు 11 సెంటీమీటర్లు వస్తే అది మెత్తటి తీగే. కాయ బరువు పడ్డాక ఇంకా జారుతుంది. నేనైతే తిరిగిచ్చేస్తా.

భౌతికం_సార్
నేను జూనియర్ కాలేజీలో ఫిజిక్స్ చెప్పి రిటైర్ అయ్యాను. సూత్రం సరిగ్గానే పెట్టారు. న్యూటన్లు, మిల్లీమీటర్లు మాత్రమే వాడి ప్రమాణాలు కలగాపులగం కాకుండా చూసుకున్నారు, అదీ మంచి పద్ధతే. పొరపాటు ఒక్కచోట ఉంది. 3.25 అనేది తీగ వ్యాసం. మీరు దాన్ని వ్యాసార్ధంగా తీసుకున్నారు. వైశాల్యంలో వ్యాసార్ధానికి వర్గం ఉంటుంది కాబట్టి నాలుగింతల తేడా వచ్చింది. అసలు వైశాల్యం 3.14 × 1.625 × 1.625 = 8.3 చదరపు మి.మీ.

981 × 50,000 ÷ (8.3 × 2,00,000) = 29.5 మి.మీ.

అంటే దాదాపు 3 సెంటీమీటర్లు. నా క్లాసుల్లో ఏటా ఎక్కువ మార్కులు పోయింది ఈ ఒక్క పొరపాటుతోనే. ఇక మిగిలిన 8 సెంటీమీటర్లు ఎక్కడివో చూడాలి.

పందిరి_సాగు
సార్, చాలా థ్యాంక్స్. అది నాకు తట్టనే లేదు. అయినా 3 చోట 11 రావడమంటే తీగ మామూలు కంటే మూడున్నర రెట్లు మెత్తగా ఉన్నట్టేనా?

భౌతికం_సార్
కాదు. దొండతోట గారికీ ఇదే నా జవాబు. స్థితిస్థాపక అవధి (బలం తీసేస్తే తీగ మళ్లీ మొదటి పొడవుకు వచ్చే హద్దు) లోపల ఉన్నంతవరకు మెత్తటి ఇనుప తీగ, గట్టి స్ప్రింగ్ స్టీలు తీగ ఒకే మందం, ఒకే పొడవు ఉంటే ఒకే బరువుకు దాదాపు ఒకేలా సాగుతాయి. రెండింటికీ యంగ్ గుణకం 200 గిగా పాస్కల్‌ల (మీరు వాడిన 2,00,000 అదే) దగ్గరే. రకం మారితే మారేది ఆ అవధి. మెత్తటి తీగ తక్కువ బలానికే శాశ్వతంగా సాగిపోతుంది, గట్టిది చాలా దూరం తట్టుకుంటుంది. కాబట్టి ఎంత సాగిందో చూసి ఇనుము మంచిదో కాదో చెప్పలేం. బరువు తీసేశాక వెనక్కి వచ్చిందా లేదా అన్నదే పరీక్ష.

మూడున్నర రెట్లు మెత్తన అంటే గుణకం 57 దగ్గరకు రావాలి. అల్యూమినియంకే 70 ఉంటుంది. మీరు లాగింది జీఐ తీగ అయినప్పుడు అది జరగని పని. తీగ సాగడం కాకుండా ఇంకేదో కదిలింది.

లిఫ్ట్_మెకానిక్
వైజాగ్‌లో లిఫ్టులు చూసుకుంటాను. మా దగ్గర కొత్త రోపు వేసిన మొదటి నెలల్లో లెక్కకు మించి సాగుతుంది. తర్వాత దాన్ని కత్తిరించి మళ్లీ బిగిస్తాం. పేనిన పోగులన్నీ సర్దుకోవడం వల్ల వచ్చే సాగుడు అది. మీ తీగలోనూ అలాంటిదేమైనా ఉందేమో చూడండి అన్నా.

భౌతికం_సార్
మంచి మాట చెప్పారు. ఇది పేనిన రోపు కాదు, ఒంటి తీగ. పోగులు సర్దుకోవడం ఉండదు. కానీ చుట్ట విప్పి లాగిన తీగలో వంకరలుంటాయి. మొదటి కొన్ని కిలోల లాగుడంతా ఆ వంకరలు తీయడానికే పోతుంది.

నిర్మాణ_గణితం
నేను స్ట్రక్చరల్ ఇంజినీరును. సార్ చెప్పినదానికి ఇంకో రెండు కలుపుతాను. ఒకటి, అవతలి కొన దగ్గర ముడి బిగుసుకోవడం. రెండు, అవతలి చివరి కడీ ఇటు వంగడం. 100 కిలోల అడ్డ లాగుడుకు నేలలో పాతిన రాయి ఎంతో కొంత ఒరుగుతుంది. మీరు గుర్తు పెట్టింది పుల్లర్ వైపు మాత్రమే కాబట్టి ఇవన్నీ కలిసి మీకు సాగుడుగా కనిపించాయి.

ఇలా కొలిచి చూడండి. తీగ మీద రెండు చోట్ల పెయింట్ గుర్తు పెట్టండి: అవతలి కొన నుంచి 5 మీటర్ల దగ్గర ఒకటి, 45 మీటర్ల దగ్గర ఇంకొకటి. ఒక్కో గుర్తు కింద నేలలో మేకు కొట్టి, తూకపు గుండు వేలాడదీసి గుర్తు ఎంత జరిగిందో చూడండి. సున్నా నుంచి మొదలుపెట్టొద్దు. ముందు 30 కిలోలకు లాగి, వంకరలు పోయాక కొలత రాసుకోండి. తర్వాత 100కు వెళ్లండి. రెండు గుర్తుల జరుగుడులో తేడాయే మధ్య 40 మీటర్ల తీగ నిజంగా సాగిన కొలత. మధ్య కడీలకు తీగను అప్పుడే కట్టేయకండి, స్వేచ్ఛగా జారాలి.

ఇంటర్_ఫస్టియర్
సార్, నాదో చిన్న డౌట్. మా ల్యాబ్‌లో యంగ్ గుణకం కొలిచే సెర్ల్ పరికరంలో రెండు తీగలు వేలాడదీస్తారు. బరువులు మాత్రం ఒకదానికే మారుస్తారు. రెండోది ఎందుకు?

భౌతికం_సార్
అమ్మా, పైన మేడమ్ చెప్పిన మేకులు చేసే పనే ఆ రెండో తీగ చేస్తుంది. రెండు తీగలూ ఒకే ఆధారం నుంచి వేలాడతాయి. బరువుకు ఆధారం కిందికి వంగితే రెండూ కలిసే దిగుతాయి. గది వేడెక్కితే రెండూ ఒకేలా పెరుగుతాయి. స్పిరిట్ లెవెల్, మైక్రోమీటర్ స్క్రూ చూపించేది రెండింటి మధ్య తేడానే. కాబట్టి ఆ తేడా బరువు వల్ల తీగ సాగిందే అవుతుంది.

ఇంటర్_ఫస్టియర్
అర్థమైంది సార్. 2 మీటర్ల స్టీలు తీగ, వ్యాసం 1 మి.మీ., బరువు 10 కిలోలు. నాకు 0.127 మి.మీ. వచ్చింది. ఆన్సర్‌లో 1.25 మి.మీ. ఉంది.

భౌతికం_సార్
కిలోలను 9.8తో గుణించడం మర్చిపోయావు. బలం 10 కాదు, 98 న్యూటన్లు. వైశాల్యం 0.785. 98 × 2,000 ÷ (0.785 × 2,00,000) = 1.25 మి.మీ. వ్యాసం పొరపాటుకు జవాబు నాలుగో వంతుకు పడిపోతుంది, ఈ పొరపాటుకు పదో వంతుకు. జవాబు ఎన్ని రెట్లు తేడాగా వచ్చిందో చూస్తే తప్పెక్కడో చాలాసార్లు దొరికిపోతుంది.

సాగుడు బలానికి అనుపాతంలో ఉంటుందని హుక్ 1678లో అచ్చువేశాడు. కానీ ఆయన మాట ఏ తీగకు ఆ తీగకే వర్తిస్తుంది. పొడవునూ మందాన్నీ పక్కనబెట్టి పదార్థానికే ఒక అంకె ఇచ్చే గుణకానికి థామస్ యంగ్ పేరు వచ్చింది, 1807 నాటి ఆయన ఉపన్యాసాల ముద్రణ వల్ల. ఈ రోజు చేవెళ్లలో తీగకూ మీ ల్యాబ్‌లో తీగకూ ఒకే 2,00,000 వాడుతున్నామంటే అది ఆ మార్పు వల్లే.

పందిరి_సాగు
నిర్మాణ_గణితం మేడమ్ చెప్పినట్టే కొలిచాను. మా తమ్ముడు ఒక మేకు దగ్గర, నేను ఇంకో మేకు దగ్గర కూర్చున్నాం. ఫలితాలు ఇవీ.

సున్నా నుంచి 30 కిలోల దాకా పుల్లర్ వైపు కొన 65 మి.మీ. వచ్చింది. ఆ సమయంలో తీగలో అలలు పోవడం కళ్లకు కనిపించింది.

30 నుంచి 100కు వెళ్లినప్పుడు అవతలి వైపు గుర్తు 24 మి.మీ. జరిగింది, పుల్లర్ వైపు గుర్తు 42. తేడా 18 మి.మీ.

మళ్లీ 30కి వదిలితే ఆ తేడా ఒక మిల్లీమీటరు లోపలికి వచ్చేసింది.

అవతలి కడీ దగ్గరకు వెళ్లి చూస్తే మొదట్లో మట్టి విడిచి సన్నని సందు కనిపిస్తోంది. దాదాపు 2 సెంటీమీటర్లు ఒరిగింది. ముడి కూడా బిగుసుకుంది.

నిర్మాణ_గణితం
చాలా బాగా కొలిచారు. 40 మీటర్లకు 70 కిలోలతో లెక్క ఇలా వస్తుంది: 687 × 40,000 ÷ (8.3 × 2,00,000) = 16.6 మి.మీ. మీకు వచ్చింది 18. చేత్తో కొలిచినదానికి ఇది దగ్గరే. అయినా తీగ మందం నిజంగా 3.25 ఉందా అన్నది చూడాలి. స్క్రూ గేజ్ లేకపోతే 10 మీటర్లు సరిగ్గా కొలిచి కత్తిరించి తూకం వేయండి. 3.25 మి.మీ. తీగ అయితే 650 గ్రాముల దగ్గర రావాలి.

పందిరి_సాగు
కిరాణా కాటా మీద పెట్టాను. 612 గ్రాములు.

నిర్మాణ_గణితం
అయితే వైశాల్యం 7.8 చదరపు మి.మీ., వ్యాసం 3.15. ఆ అంకెతో మళ్లీ కడితే 687 × 40,000 ÷ (7.8 × 2,00,000) = 17.6 మి.మీ. మీరు కొలిచిన 18కి సరిగ్గా కూర్చుంది. తీగ ఇనుములో లోపం లేదు. వెనక్కి కూడా వచ్చింది కాబట్టి 100 కిలోల దాకా అవధి దాటలేదు. పైన 65 మి.మీ.లో ఎక్కువ భాగం వంకరలది, దాదాపు 22 మి.మీ. కడీ, ముడి కలిసి ఇచ్చినవి.

దొండతోట
నా మాట వెనక్కి తీసుకుంటున్నా. మా తోటలో కూడా తీగ సాగిందనుకుని ప్రతి ఏడూ మళ్లీ మళ్లీ బిగించాను. ఒరుగుతున్నది చివరి కూసమే (కడీ) అయ్యుంటుంది. మందం తక్కువ వచ్చింది కదా, దాని సంగతి?

పందిరి_సాగు
తీగ కిలోల లెక్కన కొన్నాను కాబట్టి బరువులో నష్టం లేదన్నా, కిలోకు మీటరు దాకా ఎక్కువే వస్తుంది. కానీ బలం 6 శాతం తగ్గుతుంది. మిగతా చుట్టలు కొనేటప్పుడు దుకాణంలోనే 10 మీటర్లు తూకం వేయిస్తాను.

ఇప్పుడు అసలు భయం ఇంకోటి. కాయ దిగాక, వాన కూడా పడితే 5 మీటర్ల కడీల మధ్య ఒక్కో తీగ మీద 20 కిలోలు పడుతుందని నా అంచనా. అప్పుడు తీగ ఎంత సాగుతుంది? 20 కిలోలే కాబట్టి సూత్రంలో 196 న్యూటన్లు పెట్టేస్తే సరిపోతుందా?

నిర్మాణ_గణితం
సరిపోదు. ఈ ప్రశ్న అడిగినందుకు సంతోషం, ఎందుకంటే పందిళ్లు దెబ్బతినేది ఇక్కడే. సూత్రంలో పెట్టాల్సింది తీగ పొడవునా లాగే బలం. వేలాడే బరువు కాదు. నిలువుగా వేలాడే తీగకు రెండూ ఒకటే. అడ్డంగా కట్టిన తీగకు కాదు. బరువును పైకి మోసేది తీగ వాలు మాత్రమే. వాలు ఎంత తక్కువైతే లాగుడు అంత పెరగాలి. బరువు తీగ పొడవునా సమంగా పడితే (జారుడు అంటే మధ్యలో తీగ కిందికి దిగిన లోతు):

లాగుడు = బరువు × కడీల దూరం ÷ (8 × మధ్యలో జారుడు)

జారుడు 10 సెంటీమీటర్లయితే 20 × 5 ÷ (8 × 0.1) = 125 కిలోలు. జారుడు 5 సెంటీమీటర్లే ఉండాలంటే 250 కిలోలు. ఇరవై కిలోల కాయ కోసం!

రెండో సంగతి. మధ్యలో జారినందుకు తీగకు కావాల్సిన అదనపు పొడవు చాలా తక్కువ: 8 × జారుడు వర్గం ÷ (3 × దూరం). 10 సెంటీమీటర్ల జారుడుకు 5 మీటర్లలో 5.3 మి.మీ. చాలు. కడీ కొంచెం ఒరిగినా, ముడి కొంచెం జారినా మధ్యలో తీగ బాగా కిందికి కనిపించేది ఇందుకే.

ఈ రెండు సమీకరణాలనూ యంగ్ సూత్రంతో కలిపి, మీ 7.8 చదరపు మి.మీ. తీగకు, కొనలు కదలవని అనుకుని, పది గళ్లలోనూ సమంగా బరువు ఉందనుకుని సాధించాను. ముందు 100 కిలోలకు బిగిస్తే కాయ పడ్డాక జారుడు 6.9 సెం.మీ., లాగుడు 181 కిలోలు. ముందు 60కి బిగిస్తే జారుడు 7.7, లాగుడు 161. అసలు బిగింపు లేకుండా తీగ తిన్నగా మాత్రమే ఉంటే జారుడు 9, లాగుడు 138. ముందు 150కి బిగిస్తే జారుడు 6 సెం.మీ., లాగుడు 210.

181 కిలోలంటే చదరపు మిల్లీమీటరుకు 228 న్యూటన్లు. 210 కిలోలంటే 264. మెత్తటి ఇనుము సుమారు 250 దగ్గర శాశ్వతంగా సాగడం మొదలుపెడుతుంది. ఒక్క సెంటీమీటరు జారుడు తగ్గించుకోవడానికి ఆ గీత దాటడం నాకు ఇష్టం లేదు. 60 కిలోల దగ్గర ఆగమంటాను.

పందిరి_సాగు
నిజంగా ఇది ఊహించలేదు మేడమ్. ఎంత గట్టిగా లాగితే అంత మంచిదని మా ఊళ్లో అందరం అనుకుంటాం. 100 అయినా తక్కువే అనుకున్నాను.

లైన్‌మ్యాన్_నల్లగొండ
తమ్ముడూ, ఎండ సంగతి కూడా లెక్కేసుకో. మేం కరెంటు తీగలు లాగేటప్పుడు ఆ రోజు ఉష్ణోగ్రత చూసి స్ట్రింగింగ్ చార్ట్ ప్రకారమే జారుడు పెడతాం. ఒకే లైను ఎండాకాలంలో కిందికి దిగి, చలికాలంలో పైకి బిగుసుకుంటుంది. ఇనుము ఒక్కో డిగ్రీకి మీటరుకు 0.012 మి.మీ. పెరుగుతుంది. మీ 50 మీటర్లకు 20 డిగ్రీలు మారితే 12 మి.మీ.

నిర్మాణ_గణితం
అన్న చెప్పింది చాలా ముఖ్యం. మీ తీగ 100 కిలోలకు 31 మి.మీ. సాగుతుంది కాబట్టి 12 మి.మీ. అంటే దాదాపు 38 కిలోల లాగుడు. బరువు లేని తీగను మిట్టమధ్యాహ్నం 60కి బిగిస్తే, 20 డిగ్రీలు చల్లబడిన తెల్లవారుజామున అదే తీగ 98 దగ్గర ఉంటుంది, ఎవరూ ముట్టుకోకుండానే. కడీలు కొంచెం ఒరిగితే అంత పెరగదు. కానీ ఆ ఒరగడం మనకు అక్కర్లేదు.

పందిరి_సాగు
అయితే పొద్దున్నే బిగిస్తాను. చివరి కడీలకు బయటివైపు స్టే తీగ కట్టి, నేలలో రాయి పూడ్చి ఆపుతాను. కిందటిసారి అది వద్దన్నారు మేస్త్రీలు, ఖర్చు దండగని.

దొండతోట
స్టే తప్పకుండా కట్టన్నా. మా దగ్గర స్టే ఉన్న కూసాలే నిలబడ్డాయి. ముడి బదులు చివర టర్న్‌బకిల్ (తిప్పి బిగించే మర) పెట్టుకుంటే తర్వాత సర్దుకోవడం సులువు. రెండు తీగలు మెలేసి వేస్తే బలమా సార్?

భౌతికం_సార్
వైశాల్యం రెట్టింపవుతుంది కాబట్టి అదే లాగుడుకు సాగుడు సగమవుతుంది. కానీ మెలిక వేస్తే లిఫ్ట్_మెకానిక్ గారు చెప్పిన సర్దుబాటు మొదలవుతుంది. మెలేయకుండా పక్కపక్కన వేస్తే లెక్క సూటిగా ఉంటుంది, రెండింటినీ ఒకేలా బిగించగలిగితే.

లిఫ్ట్_మెకానిక్
అవును సార్. పేనిన రోపుకు గుణకం ఒంటి తీగకున్న దాంట్లో సగం దగ్గర వేసుకుంటాం. పైగా 10 మి.మీ. రోపు గుండ్రం వైశాల్యం 78 ఉన్నా, లోపల ఉండే ఇనుము దాదాపు 40 చదరపు మి.మీ. మాత్రమే. 30 మీటర్ల రోపు మీద 200 కిలోలు పడితే 1,962 × 30,000 ÷ (40 × 1,00,000) = 15 మి.మీ. దాకా వస్తుంది. కింది అంతస్తులో జనం ఎక్కగానే లిఫ్టు గుమ్మం కంటే కొంచెం దిగేది ఇందుకే.

పందిరి_సాగు
రెండు వరుసలు పూర్తయ్యాయి. స్టే కట్టాక పొద్దున ఆరున్నరకు 60 కిలోలకు బిగించాను. అవతలి గుర్తు ఈసారి 3 మి.మీ. కంటే ఎక్కువ జరగలేదు. మధ్యాహ్నం రెండింటికి కాటా చూస్తే 31 చూపిస్తోంది, సాయంత్రానికి మళ్లీ ఎక్కింది. తీగ మీద పెయింట్ గుర్తులు అలాగే ఉంచాను. కాయ దిగాక జారుడు కొలిచి ఇక్కడే రాస్తాను.